బడి గోడ మీద వాన లెక్క

2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఒక్కరోజులో అంత వాన తెలంగాణలో అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. ఆ తెల్లవారే మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచెత్తింది. జనం ఇళ్ల కప్పులెక్కి సాయం కోసం చూశారు, హెలికాప్టర్లు దిగాల్సి వచ్చింది. కొందరు కొట్టుకుపోయారు.

ఇంతకీ ఆ అంకెకు అర్థమేమిటి? మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. నూరు చదరపు మీటర్ల బడి కప్పు మీద ఆ ఒక్కరోజే దాదాపు 65 వేల లీటర్లు పడ్డట్టు. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే పదమూడు! ఐదో తరగతి పిల్లలు చేసే గుణకారమే ఇది. కానీ మన పల్లె బడుల్లో ఎంతమంది పిల్లలు తమ ఊరి వానను తామే కొలిచి ఉంటారు?

పర్యావరణాన్ని పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. 2001లో బడుల్లో పర్యావరణ క్లబ్బులు నడిపే జాతీయ హరిత దళం వచ్చింది. పుస్తకాల్లో పాఠాలూ ఉన్నాయి. ఆచరణలో మాత్రం అది జులైలో మొక్క నాటి ఫొటో దిగడం దగ్గరే ఆగింది. వేసవి సెలవుల్లో బడికి తాళం పడితే ఆ మొక్కకు చెంబెడు నీళ్లు పోసే దిక్కుండదు. ఇందుకు పంతుళ్లను నిందించడం అన్యాయం. ఒక్క టీచరే అన్ని తరగతులూ చూసుకునే ఏజెన్సీ బడిలో ఏం చేయమంటాం?

అందుకే మేము కోరేది చిన్న పని. ప్రతి పల్లె బడిలో ఒక వానమాపకం, ఒక రిజిస్టరు ఉండాలి. నిట్టనిలువు అంచుల డబ్బాను చెట్లకు, గోడలకు దూరంగా ఆరుబయట పెట్టి స్కేలుతో కొలిచినా చాలు, మిల్లీమీటర్లు తెలుస్తాయి. రోజూ ఒకే వేళకు చూసి బడి గోడ మీద రాయాలి. పక్కనే ఊరి చెరువు సంగతి కూడా: నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, మత్తడి ఏ రోజు దుంకింది, తూము ఎప్పుడు తీశారు, వాగు ఎవరి పొలం దాకా ఎక్కింది.

లక్ష్మీదేవిపేట ఉన్న మండలంలోనే కాకతీయుల నాటి రామప్ప చెరువుంది. ఇన్ని వందల ఏళ్లు చెరువులను నిలబెట్టింది కట్ట మట్టి ఒక్కటే కాదు, కట్టను కనిపెట్టుకుని, చెరువు నీళ్లు వదిలే నీరటికాళ్ల తెలివి కూడా. ఏ మబ్బుకు తూము తీయాలో, కట్టకు పడ్డ ఏ బుంగ ప్రమాదమో వాళ్లకు తెలుసు. ఆ తెలివి ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు, ముసలివాళ్లతోనే పోతోంది. నెలకొకసారి అలాంటి తాతను బడికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెడితే, పిల్లలు అడిగి రాసుకుంటారు. తరతరాల బతుకమ్మల్లో మెరిసిన గునుగు పువ్వు ఇప్పుడు చేలల్లో ఎందుకు కరువైందో అవ్వలు చెబుతారు. కలుపు మందుల పాఠం ఇంకెక్కడ వెతకాలి?

దీన్ని కూడా ఇంకో యాప్‌లో ఎక్కించే చాకిరీగా మార్చొద్దని విద్యాశాఖకు మా విన్నపం. జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులు టీచర్లకు అప్పగించరాదని 2009 విద్యాహక్కు చట్టమే చెబుతోంది. వారానికి ఒక పూట పిల్లలను చెరువు కట్ట మీదికి తీసుకెళ్లే వీలు కల్పించండి, తోడుగా తల్లుల కమిటీ వస్తుంది. గ్రామసభలో ఆ రిజిస్టరు చదివించే బాధ్యత పంచాయతీది. ఏ వాడలోకి ముందు నీళ్లు వస్తాయో పిల్లల చేతిరాతలో ఉంటే కట్ట మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలో ఊరికి తెలుస్తుంది.

జూన్‌లో బడిబాట కోసం టీచర్లు ఇంటింటికీ తిరుగుతారు. తొలకరి పడేదీ అప్పుడే. రిజిస్టరులో మొదటి పేజీ ఆ వారమే రాయవచ్చు.