సీమ ఎండకు ఆరుబయట చదువు చెల్లదా?

అనంతపురం, కర్నూలు ప్రాంతాల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన విరివిగా తిరుగుతోంది. పిల్లలను చెట్ల కిందికీ గుట్టల మీదికీ తీసుకుపోయి పాఠాలు చెప్పడం చలిదేశాల వాళ్ల సరదా అనీ, రాయలసీమ ఎండకు అది ఆరోగ్యానికే చేటు అనీ, ఇక్కడ చూపించడానికి కంపచెట్లు తప్ప ప్రకృతి అంటూ ఏమీ లేదనీ, ఉన్నదేదో పల్లె పిల్లలు రోజూ చూసేదేననీ, మార్కులు రాకపోగా పాముకాటు భయం ఒకటి అదనమనీ దాని సారాంశం. అక్కడక్కడ నిజం కలిసి ఉన్నందువల్లే ఈ వాదన చాలామందికి సబబుగా తోస్తోంది. కాబట్టి ఒక్కో మాటనూ విడిగా చూడవలసి ఉంది.

ఎండ విషయం కొట్టిపారేయదగినది కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది; ఒంటిపూట బడులూ వేసవి సెలవులూ ఏర్పడింది అందుకే. అయితే ఆరుబయట పాఠం కోరేవారెవరూ పిల్లలను మిట్టమధ్యాహ్నం మైదానంలో నిలబెట్టమనడం లేదు. జూలై నుంచి ఫిబ్రవరి వరకు ఉదయం మొదటి రెండు పీరియడ్లు వేపచెట్టు కింద జరిపితే చాలు. రేకుల కప్పు కింద, తిరగని ఫ్యాను కింద నలభై మంది కూర్చున్న గది ఆ నీడకంటే ఎలా చల్లగా ఉంటుందో ఈ వాదన చేసేవారే చెప్పాలి.

ఆరోగ్యానికి చేటు అన్న మాట మాత్రం వాస్తవానికి పూర్తిగా తలకిందులు. దూరపు వస్తువులు మసకబారే హ్రస్వదృష్టి బడి ఈడు పిల్లల్లో పెరుగుతున్న సమస్య. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 12 ప్రాథమిక పాఠశాలలను తీసుకుని, వాటిలో కొన్నింట ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ల తర్వాత చూస్తే, మామూలు పద్ధతిలో నడిచిన బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి రాగా, బయట గడిపిన పిల్లల్లో అది 30.4 శాతానికి పరిమితమైంది. ఈ ఫలితాలు 2015లో వెలువడ్డాయి. అంతకుముందే, 2010 నుంచి, తైవాన్ తన బడిపిల్లలు రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉండేలా కార్యక్రమం చేపట్టింది. కారణం వెలుగులో ఉందని పరిశోధకులు భావిస్తున్నారు: ప్రకాశవంతమైన పగటి వెలుగుకు కంటి వెనుక పొర రెటీనాలో డోపమైన్ అనే రసాయనం విడుదలై, కనుగుడ్డు అతిగా పొడవు సాగకుండా అడ్డుకుంటుంది. వెలుగును కొలిచే లక్స్ లెక్కన తరగతి గదిలో అది కొన్ని వందలకు మించదు. బయట చెట్టు నీడలో సైతం అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అంటే ఎండలో మాడకుండానే ఈ మేలు అందుతుంది. ఇప్పటికే అద్దాలు పెట్టుకున్నవారికి ఇది చికిత్స కాదన్నది కూడా చెప్పుకోవాలి.

ఇక, ఇక్కడ ప్రకృతి ఏముందన్న ప్రశ్న. పచ్చగా, దట్టంగా ఉంటేనే ప్రకృతి అనుకోవడం వల్ల పుట్టిన ప్రశ్న ఇది. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని అందరూ నిర్ధారించుకున్న కలివికోడి 1986లో మళ్లీ దొరికింది కడప జిల్లాలోనే, సిద్ధవటం దాపుల రెడ్డిపల్లె దగ్గర, మనం పనికిరాదనుకునే ముళ్లపొదల నేలలోనే. రాత్రిపూట తిరిగే ఆ పక్షిని కనిపెట్టింది స్థానికుల చూపే. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వెలిసింది. ఒకప్పటి కర్నూలు జిల్లాలోని రోళ్లపాడు గడ్డినేలలను 1988లో అభయారణ్యంగా ప్రకటించింది బట్టమేకపిట్ట కోసం. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను కొమ్మలు సుమారు ఐదెకరాల మేర పరుచుకున్నాయి. దూరమనుకుంటే వీటిని వదిలేయవచ్చు. బడి వెనుక చేను చాలు.

ఆ చేనులో ఏం నేర్చుకోవచ్చో చూస్తే, రోజూ చూసేదే కదా అన్న మాటకూ జవాబు దొరుకుతుంది. ఎనిమిదో తరగతి సైన్సులో, వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బాక్టీరియా గురించి పాఠం ఉంది. అనంతపురం పల్లెల్లో శెనక్కాయ చెట్టు పెరకని పిల్లవాడు ఉండడు. అయినా ఆ వేళ్లకు అంటుకున్న ఆవగింజంత బుడిపెల్లో ఒకదాన్ని గోటితో చిదిపి, లోపలి గులాబీ రంగును చూసినవాడు అరుదు. ఆ రంగు ఉందంటే బుడిపె గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తోందని అర్థం. లోపల తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే పని సాగడం లేదన్నమాట. వాడిపోయిన పసుపుపచ్చ పువ్వు కింది నుంచి ఊడ బయలుదేరి, నేలలోకి దిగి, అక్కడ కాయగా మారడం ఆగస్టులో ఏ చేలోనైనా కళ్లారా చూడవచ్చు. కాయ వేరుకు కాస్తుందని పెద్దలే పొరబడుతుంటారు. చూడటం వేరు, అడిగి తెలుసుకోవడం వేరు. ఆ అడిగించే పని ఉపాధ్యాయుడిది.

మార్కుల విషయంలో ఆరుబయట చదువును పొగిడేవారు కూడా కొంత అతిగా మాట్లాడుతున్నారు. అమెరికాలో తొమ్మిది, పదేళ్ల పిల్లలపై 10 వారాల పాటు జరిపిన పరిశీలనలో, చెట్ల మధ్య పాఠం విన్న తర్వాత గదిలోకి వచ్చినప్పుడు, పాఠం ఆపి పిల్లలను దారిలో పెట్టవలసిన సందర్భాలు దాదాపు సగానికి తగ్గాయి. 2018లో ప్రచురితమైన ఈ పరిశోధన చిన్నది. మార్కులకు హామీగా దీన్ని చూపడం తగదు. కాలం వృథా అన్న ఆరోపణకు మాత్రం ఇది సూటి సమాధానం. పాఠ్యాంశాలకు ఇది బయటిది కూడా కాదు: చదువును బడి బయటి జీవితంతో ముడిపెట్టాలన్నది 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పెట్టుకున్న మొదటి సూత్రం.

పాముల భయానికి కాళ్లకు చెప్పులు, పొదల్లో, బొరియల్లో చేయి పెట్టకూడదన్న నియమం, పుట్టలకు దూరంగా ముందే చూసి ఉంచిన చోటు, 108కి ఫోను చాలావరకు సరిపోతాయి. నిజమైన చిక్కు ఆ వాదనలో లేనే లేదు. ఐదు తరగతులకూ ఒక్కరే ఉన్న ఏకోపాధ్యాయ బడిలో సగం మందిని చేనుకు తీసుకుపోతే మిగతా సగాన్ని ఎవరు చూడాలి? పాఠం గదిలో జరగాలా, చెట్టు కింద జరగాలా అని తమలో తాము వాదించుకునే తల్లిదండ్రులు, బడి యాజమాన్య కమిటీ సమావేశంలో కూర్చుని రెండో ఉపాధ్యాయుడి కోసం తీర్మానం రాయించి మండల విద్యాధికారికి పంపడం మేలు.