ఆ మాట పౌలుది కాదు, పౌలు మీద వేసినవాళ్లది

మా పదో తరగతి బ్యాచ్ గ్రూప్‌లో గుడ్ మార్నింగ్ పూలు, నల్లగొండ ప్లాట్ల రేట్లు తప్ప పెద్దగా ఏమీ రావు. మొన్న ఒకతను పొడుగాటి ఫార్వర్డ్ పెట్టాడు. పైన ఎర్ర అక్షరాల్లో హెడ్డింగ్: బైబిల్ ప్రకారం దేవుడి పని కోసం అబద్ధం ఆడొచ్చు, మోసం చేయొచ్చు, పౌలే ఒప్పుకున్నాడు. పౌలంటే బైబిల్‌లో చాలా పత్రికలు, అంటే ఉత్తరాలు, రాసిన తొలినాటి క్రైస్తవ బోధకుడు. కింద ఆరు పాయింట్లు, ఐదింటికి అధ్యాయం, వచనం నంబర్లు కూడా ఉన్నాయి. నంబర్లు కనిపిస్తే మనవాళ్లు ఇక పుస్తకం తెరవరు, నమ్మేస్తారు. సాయంత్రానికి మిర్యాలగూడలో మా బావకు కూడా అదే వచ్చింది. గడియారం సెంటర్ దగ్గర చాయ్ తాగుతుంటే దోస్తు ఒకడు ఫోన్ నా ముందు పెట్టి "ఇది నిజమేనా? మీ నాయనమ్మ చర్చికి పోయేది కదనే, నీకు తెల్వాలె" అన్నాడు.

నేను పాస్టర్‌ని కాదు. నాయనమ్మ బైబిల్ మాత్రం నా దగ్గరే ఉంది, అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంటుంది. ఆ రాత్రి ఆ దారం విప్పి ఒక్కొక్క వచనమే చూశాను. నంబర్లు కరెక్టే, మాటలు కూడా అందులో ఉన్నవే. కానీ ఆ మాట ఎవరన్నారు, ఎవరితో అన్నారు, ఆ తర్వాత ఏమైంది అనేవి మూడూ తీసేసి మిగిలింది పంపారు.

మొదటిది రోమా పత్రిక 3:7. నా అబద్ధం వల్ల దేవుడి సత్యం ఇంకా బాగా వెలిగి ఆయనకు మహిమ కలిగితే, నన్ను ఇంకా పాపి అని ఎందుకు తీర్పు తీర్చాలి? ఇదీ ఆ వచనం సారాంశం. చూశారా పౌలే ఒప్పుకున్నాడు అని ఫార్వర్డ్ సంబరం. అయ్యా, దాని పై వచనాలు చదవండి, కింద వచనం చదవండి. పౌలు ఇక్కడ ఒక ఎదుటివాడిని ఊహించుకుని వాడితో వాదిస్తున్నాడు. ప్రశ్న వాడిది, జవాబు పౌలుది. ఆ కాలపు గ్రీకు వాదనల్లో ఇది మామూలు పద్ధతి. ఐదో వచనంలోనే 'మనుషులు మాట్లాడే తీరులో అంటున్నాను' అని ముందే చెప్పి పెట్టాడు. ఇక ఎనిమిదో వచనం అసలైనది. మేలు జరగడానికి కీడు చేద్దాం అని మేం బోధిస్తున్నట్టు కొందరు మా మీద నింద వేస్తున్నారు, అలాంటివాళ్లకు శిక్ష న్యాయమే అంటాడు. అంటే సుమారు 57వ సంవత్సరంలో రోమ్‌కు ఈ ఉత్తరం రాసేనాటికే ఈ ఫార్వర్డ్ తిరుగుతున్నట్టే లెక్క. ఆయన దాన్ని ఖండించడానికి రాసిన పేరాలోంచే ముక్క కోసి, ఆయన ఒప్పుకోలుగా తిప్పారు.

ఇది మనకు కొత్తేం కాదు. బళ్లో తెలుగు సారు వామన చరిత్ర చెప్పింది గుర్తుందా? 'వారిజాక్షులందు' పద్యంలో ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణం పోయేటప్పుడు, డబ్బు పోయేటప్పుడు, పరువు పోయేటప్పుడు బొంకవచ్చు, పాపం లేదు అని ఉంటుంది. రాసింది పోతన. అంటే భాగవతం అబద్ధం ఆడమందా? ఆ మాట శుక్రాచార్యుడిది, బలి చేత దానం మాన్పించాలని చెప్పింది. బలి ఏమన్నాడు? 'తిరుగన్ నేరదు నాదు జిహ్వ' అన్నాడు. రాజ్యం పోయినా సరే, ఆడిన మాట తప్పనన్నాడు. ఎవడైనా శుక్రుడి పద్యం ఒక్కటే కోసి, మీ భాగవతం ఇదీ అని గ్రూప్‌లో పెడితే మనకు ఎంత మండుతుంది? పౌలుకు చేసింది అదే.

కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 12:16 కూడా ఇదే పాయింట్‌లో తగిలించారు, యుక్తిగా ఉండి మిమ్మల్ని తంత్రంతో పట్టుకున్నాను అన్నాడని. అది వెటకారం. తన మీద ఎవరో అన్న మాటనే తిరిగి అని, వెంటనే, నేను మీ దగ్గరికి పంపినవాళ్లలో ఎవరి ద్వారానైనా మిమ్మల్ని దోచుకున్నానా అని నిలదీస్తాడు. వెటకారం ఫార్వర్డ్‌లోకి వచ్చేసరికి వాంగ్మూలం అయిపోయింది.

రెండోది, పది ఆజ్ఞల్లో అబద్ధం ఆడొద్దని లేదు, పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పొద్దని మాత్రమే ఉంది, పొరుగువాడంటే యూదుడే, కాబట్టి బయటివాళ్లతో ఎంతైనా బొంకొచ్చు. ఇందులో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఆ ఆజ్ఞ కోర్టు భాషే, సాక్షి గురించిందే. కానీ ధర్మశాస్త్రం పది మాటలతో ఆగిపోలేదు కదా. లేవీయకాండము 19:11లో దొంగతనం, బొంకు, ఒకరితో ఒకరు అబద్ధమాడటం మూడూ ఒకే వరుసలో వద్దని ఉంది. అదే అధ్యాయం 34లో మీ మధ్య ఉండే పరదేశిని మీలో పుట్టినవాడిలాగే చూడాలి, నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టు ప్రేమించాలి అని ఉంది. ఇక అబద్ధ సాక్షికి శిక్ష ఏమిటో ద్వితీయోపదేశకాండము 19లో చూడండి: ఎదుటివాడికి ఏం చేయించాలనుకున్నాడో అదే వాడికి చేయాలి. మన దగ్గర ఇది అమలైతే భూమి కేసుల్లో ఎంతమంది సాక్షులు మిగులుతారో!

బయటివాళ్ల సంగతి తేల్చడానికి గిబియోను వాళ్ల కథ చాలు. యెహోషువ 9లో ఉంది. వాళ్లు ఇశ్రాయేలువాళ్లకు, అంటే యూదుల పూర్వీకులకు, పక్క ఊళ్లవాళ్లే. కానీ ప్రాణభయంతో పాత గోనెలు గాడిదల మీద వేసుకుని, చినిగి కుట్టిన ద్రాక్షారసపు తిత్తులు, మాసికలు వేసిన చెప్పులు, ఎండి బూజు పట్టిన రొట్టె పట్టుకుని వచ్చి, చాలా దూరం నుంచి వస్తున్నాం, బయల్దేరినప్పుడు ఈ రొట్టె వేడివేడిగా ఉండె అన్నారు. ఇశ్రాయేలు పెద్దలు నమ్మి ప్రమాణం చేశారు. మూడు రోజులకు బండారం బయటపడింది. జనం గోల చేశారు. అయినా పెద్దలు, ప్రమాణం చేశాం కాబట్టి ముట్టుకోలేం అన్నారు. కట్టెలు కొట్టే పని, నీళ్లు మోసే పని అప్పజెప్పి బతకనిచ్చారు. అంటే మోసం చేసి తీసుకున్న ప్రమాణం, అదీ పరాయివాళ్లకు ఇచ్చింది, అయినా చెల్లింది. తరాల తర్వాత సౌలు రాజు ఆ మాట తప్పి వాళ్లను చంపితే, దావీదు కాలంలో మూడేళ్లు కరువు వచ్చిందని సమూయేలు రెండో గ్రంథం 21 చెబుతుంది. బయటివాడికి ఇచ్చిన మాటకు విలువ లేకపోతే ఈ కరువు ఎందుకు?

మూడోది మంత్రసానులు, రాహాబు. హెబ్రీవాళ్లకు, అంటే ఇశ్రాయేలువాళ్లకు, మగబిడ్డ పుడితే చంపమని మంత్రసానులకు ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞ. షిఫ్రా, పూయా చంపలేదు. అడిగితే, హెబ్రీ ఆడవాళ్లు గట్టివాళ్లు, మేం పోయేలోపే కనేస్తున్నారు అన్నారు. దేవుడు వాళ్లకు మేలు చేశాడు. కాబట్టి అబద్ధానికి బహుమతి అంటుంది ఫార్వర్డ్. వచనంలో కారణం రాసే ఉంది, దేవునికి భయపడ్డారు కాబట్టి అని. యెరికోలో ఇశ్రాయేలు వేగులవాళ్లను దాచి, వెళ్లిపోయారని బొంకిన రాహాబును కూడా కొత్త నిబంధన రెండు చోట్ల మెచ్చుకుంటుంది, ఒకచోట చేర్చుకున్నందుకు, ఇంకోచోట వేరే దారిన పంపించినందుకు. ఆమె ఆడిన అబద్ధం ఊసు రెండు చోట్లా లేదు. క్రైస్తవులు దీన్ని అలా వదిలేశారనుకోకండి. సుమారు 395లో క్రైస్తవ పండితుడు అగస్టీన్ అబద్ధం మీద ఒక పుస్తకమే రాశాడు, 420 ప్రాంతంలో ఇంకొకటి. ప్రాణం కాపాడటానికి కూడా ఆడొద్దంటాడు. మంత్రసానులకు ఫలం దొరికింది దయకే తప్ప బొంకుకు కాదంటాడు. తగస్తే అనే ఊళ్లో ఫిర్మస్ అనే బిషప్ ఒక మనిషిని దాచాడట, చక్రవర్తి మనుషులొచ్చి అడిగితే, అబద్ధమూ ఆడను, అతన్నీ పట్టివ్వను అని చిత్రహింసలు పడ్డాడట, చివరికి చక్రవర్తే మెచ్చి ఆ మనిషిని క్షమించాడని అగస్టీన్ రాశాడు. నాకైతే అగస్టీన్ మరీ గట్టివాడనిపిస్తుంది. పసిబిడ్డల ప్రాణాల కోసం ఆ ఇద్దరు ఆడవాళ్లు చెప్పింది తప్పని నా నోటితో అనలేను. కానీ మతం మోసాన్ని నేర్పుతోంది అనేవాడికి ఈ వాదన మొత్తం కనబడకపోవడం ఏంది?

నాలుగోది యాకోబు. గుడ్డి తండ్రిని మోసం చేసి దీవెన కొట్టేశాడు, శిక్షేమీ పడలేదు అని. ఇది రాసినవాడు ఆదికాండము 27 దగ్గర పుస్తకం మూసేసినట్టున్నాడు. అన్న ఏశావు బట్టలు తొడుక్కుని, చేతులకు, మెడకు మేకపిల్లల తోలు కప్పుకుని పోయాడు. ముసలాయన తడిమి చూసి గొంతు యాకోబుది, చేతులు ఏశావువి అన్నాడు. సరే, దీవెన దొరికింది. అప్పటి నుంచి పరుగే. మేనమామ లాబాను ఇంట్లో, ఆయన చిన్న కూతురు రాహేలును పెళ్లాడటం కోసం ఏడేళ్లు చాకిరీ చేశాడు. పెళ్లయి తెల్లారి చూస్తే పక్కన పెద్ద కూతురు లేయా! ఎందుకు మోసం చేశావని అడిగితే, మా దగ్గర పెద్దదాన్ని పెట్టుకుని చిన్నదానికి చేయరు అన్నాడు మామ. పెద్దవాడి వాటా కొట్టేసి వచ్చినవాడికి ఇంతకంటే చెంపదెబ్బ ఉంటుందా! మొత్తం ఇరవై ఏళ్లు, జీతం పదిసార్లు మార్చాడని యాకోబే మొత్తుకుంటాడు. ఇక ముసలితనంలో కొడుకులే తమ్ముడు యోసేపును అమ్మేసి, అతని అంగీని మేక రక్తంలో ముంచి తెచ్చి, ఇది నీ కొడుకుదేనా చూడు అంటారు. మళ్లీ మేకే, మళ్లీ అన్నదమ్ముల బట్టే, మళ్లీ మోసపోయిన తండ్రే. దీవెన పక్కన ఈ లెక్కంతా రాసి పెట్టారు.

ఐదోది బైబిల్‌లో లేనే లేదు, యూదుల ప్రార్థన. కోల్ నిద్రే అంటారు, పాపాలకు క్షమాపణ అడిగే యోమ్ కిప్పూర్ పండుగ సాయంత్రం అరామిక్ భాషలో చదువుతారు. దాంతో ఏడాదంతా చేసే ఒప్పందాలన్నీ రద్దయిపోతాయి, అందుకే యూదుడి మాట నమ్మొద్దు అని ఫార్వర్డ్. కాదు. అది మనిషి తనకు తాను దేవుడి ముందు పెట్టుకున్న మొక్కుల గురించి. ఇచ్చిన అప్పుకూ, రాసిన కాగితానికీ అది పనికిరాదని రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ఎప్పటి నుంచో చెబుతున్నారు. మిష్నా అనే పాత యూదు ధర్మగ్రంథంలో ఉంది, సాటి మనిషికి చేసిన తప్పును ఆ రోజు కూడా కడగదు, ముందు అతన్ని శాంతింపజేసుకోవాలని. ఈ నింద పెట్టుకునే యూరప్ కోర్టుల్లో యూదుల చేత అవమానకరమైన ప్రత్యేక ప్రమాణాలు చేయించేవారు. 1844లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో కూడిన సంస్కరణవాద రబ్బీలు ఆ పాఠాన్నే తీసేద్దామని తీర్మానించారు. ఆ పాత నిందే మన నల్లగొండ దాకా ఇప్పుడు వాట్సాప్ పచ్చటి బొమ్మ మీద ఎక్కి వచ్చింది.

నిజానికి అతను వెతికితే మంచి పాయింట్ రబ్బీల వాదనలు కూర్చిన తాల్ముదు గ్రంథంలోనే దొరికేది. పెళ్లికూతుర్ని ఎలా పొగడాలి అని షమ్మాయి, హిల్లెల్ అనే ఇద్దరు పాత గురువుల బళ్ల మధ్య వాదన. ఉన్నది ఉన్నట్టే చెప్పాలి అంటారు షమ్మాయి వాళ్లు. ఎవరైనా సరే అందమైన పిల్ల అనాలి అంటారు హిల్లెల్ వాళ్లు. మా మేనత్త ఏ పెళ్లికి పోయినా ముందు "పిల్ల మంచిగున్నది" అనేస్తుంది, మొహం చూడకముందే. ఆమె హిల్లెల్ బడి.

ఇక ఆరోది, రాజులు మొదటి గ్రంథం 22, దేవుడే అబద్ధపు ఆత్మను పంపాడని. ఇది కష్టమైన చోటే. నేను దాన్ని తేలిక చేయను, ఎందుకంటే దేవుడు అబద్ధమాడడానికి మనిషి కాడని సంఖ్యాకాండములో ఉంది, ఈ రెండూ పక్కపక్కన పెడితే నాకూ ఇబ్బందే. కానీ కథ మొత్తం వినండి. యుద్ధానికి పోతే గెలుస్తావని నాలుగు వందల మంది ప్రవక్తలు ఇశ్రాయేలు రాజు అహాబుకు ఊదరగొట్టారు. మీకాయా అనే ప్రవక్త ఒక్కడే, వాళ్ల నోట ఉన్నది అబద్ధపు ఆత్మ, నీకు కీడు రాసి ఉంది అని రాజు మొహం మీదే చెప్పాడు. మోసం చేయదలిస్తే ఎవరైనా ఆ మోసాన్ని ముందే విప్పి చెబుతారా? అహాబు ఏం చేశాడు? నిజం చెప్పినవాడిని జైల్లో వేసి కొద్దిపాటి రొట్టె, నీళ్లు ఇవ్వమన్నాడు. తాను మారువేషం వేసుకుని, తోడొచ్చిన యూదా రాజు యెహోషాపాతును మాత్రం రాజవస్త్రాలతో రమ్మని యుద్ధానికి పోయాడు. ఎవడో గురి చూడకుండా వేసిన బాణం వచ్చి అహాబు కవచం అతుకుల మధ్య దిగింది.

ఫార్వర్డ్‌లో మీకాయా పేరే లేదు. అబద్ధపు ఆత్మ అని ఒక ముక్క, పక్కన రెండు నవ్వే బొమ్మలు ఉన్నాయి.