85వ ర్యాంకరు రాయునది ఏమనగా

మహారాజశ్రీ పాస్‌పోర్టు ర్యాంకుల పట్టిక గారి సముఖానికి,

హైదరాబాద్ నుంచి ముదురు నీలం పుస్తకం గల ఒక సామాన్యుడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా లండన్‌లో హెన్లీ అండ్ పార్ట్‌నర్స్ వారి ఇంట కులాసాగా ఉన్నారని, ఏ దేశం పాస్‌పోర్టుతో ముందుగా వీసా లేకుండా ఎన్ని చోట్లకు వెళ్లొచ్చో లెక్కపెట్టి 2006 నుంచి మాకు మార్కులు వేస్తూ కాలక్షేపం చేస్తున్నారని పేపర్లలో చూస్తూనే ఉన్నాం. ఉభయకుశలోపరి.

ర్యాంకుల కోసమే తమరు పుట్టినట్టు, మా ఊరు కూడా అందుకోసమే పుట్టింది. ఎంసెట్‌కి ప్రభుత్వం ఈఏపీసెట్ అని పేరు మార్చినా మేం ఇంకా ఎంసెట్ అనే అంటాం. పాస్‌పోర్టు సైజు ఫొటో, దాని కింద ర్యాంకు: ఈ జోడీని సిటీ బస్సుల వెనక, మెట్రో పిల్లర్ల మీద, పేపరు మొదటి పేజీలో చూస్తూ బతుకుతున్నాం. అందుకని ర్యాంకు కనబడగానే మా పెద్దవాళ్లు మూడు ప్రశ్నలు వేస్తారు. పేపరు ఎవరు సెట్ చేశారు? ఎవరు దిద్దారు? కోచింగ్ ఎవరిది?

తమరి గురించీ వాకబు చేశాం. సమాచారం విమాన సంస్థల సంఘం ఐఏటీఏది. దిద్దేది హెన్లీ వారు. కోచింగ్ కూడా హెన్లీ వారిదే! డబ్బున్నవాళ్ల చేత పెట్టుబడి పెట్టించి ఇంకో దేశంలో నివాసమో పౌరసత్వమో ఇప్పించడం వారి వృత్తి. మాల్టా దేశం 2014లో మొదలుపెట్టిన పౌరసత్వ పథకాన్ని రూపొందించింది కూడా వారే. దాని తర్వాత వచ్చిన పథకం చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2025 ఏప్రిల్‌లో తేల్చింది, అది వేరే కథ. "ర్యాంకు తక్కువ వచ్చింది కదా బాబూ, మా దగ్గర లాంగ్ టర్మ్‌లో చేరు" అని చెప్పడానికి ర్యాంకు వేసినవాడికంటే తగినవాడు ఎవరుంటారు? తమరికి పోటీగా ఆర్టన్ క్యాపిటల్ వారి పట్టిక ఇంకోటి ఉంది. వాళ్ల వ్యాపారమూ ఇదే. తమరి దగ్గర సింగపూర్ ఫస్టు, వాళ్ల దగ్గర యూఏఈ ఫస్టు. ఒకే ఏడాది ఇద్దరు ఫస్టు ర్యాంకర్లంటే మిగతా ప్రపంచం ఆశ్చర్యపోతుందేమో, మాకు అలవాటే.

2025 జూలైలో తమరు మా భారత పాస్‌పోర్టుకి 77వ ర్యాంకు ఇచ్చారు. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఆ రోజంతా జెండాలు, చప్పట్లు. అక్టోబరులో 85 చేశారు. ఆ రోజు గ్రూపులో ఎవరికీ నెట్ రాలేదు. ఇంతకీ మధ్యలో జరిగిందేమిటంటే, ముందుగా వీసా తీసుకోకుండా వెళ్లగలిగే చోట్లు 59 నుంచి 57కి తగ్గాయి. రెండు మార్కులు పోతే ఎనిమిది ర్యాంకులు గల్లంతు. రీకౌంటింగ్ ఫీజు ఎక్కడ కట్టాలో తమరి ప్రకటనలో ఎక్కడా కనిపించలేదు.

మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ బ్యాంకు మేనేజరు గారు మాత్రం మాకు ధైర్యం చెప్పారు. "199 పాస్‌పోర్టుల్లో 85 అంటే పై సగంలోనే ఉన్నాం కదండీ" అన్నారు. పెద్దాయన్ని బాధపెట్టడం ఎందుకని ఊరుకున్నాను. సమాన మార్కులు వచ్చినవాళ్లందరికీ తమరు ఒకటే ర్యాంకు ఇస్తారని, ఆ 199 పుస్తకాలూ కలిసి 106 మెట్ల మీదే సర్దుకుని నిలబడ్డాయని, ఆఖరి మెట్టు మీద 24 మార్కులతో అఫ్గానిస్తాన్ ఉందని చెప్పి ఉంటే ఆయనకు ఆ పూట మందులు పనిచేసేవి కావు. మమ్మల్ని కింది నుంచి లెక్కపెడితే తొందరగా దొరుకుతాం.

ఇక తమరి సిలబస్ సంగతి. మొత్తం 227 గమ్యాలు. వీసా లేకుండా రానిస్తే ఒక మార్కు. దిగాక వీసా ఇస్తే ఒక మార్కు. బయల్దేరకముందే వాళ్ల ప్రభుత్వం నుంచి వీసా తెచ్చుకోమంటే, అది ఇంటర్నెట్‌లో వచ్చే ఈ-వీసా అయినా సరే, సున్నా. ఆ చోటు పెద్దదా చిన్నదా, అక్కడికి అసలు విమానం ఉందా, మనకు అక్కడ చుట్టాలున్నారా అన్నది తమరికి పట్టదు.

మాకొచ్చిన మార్కుల్లో నియూ అని ఒకటుంది. పసిఫిక్ మహాసముద్రంలో పగడపు దీవి. జనాభా రెండు వేల లోపే. మా కూకట్‌పల్లిలో గేటెడ్ కమ్యూనిటీ వినాయకుడి లడ్డూ వేలంపాటకు అంతకంటే ఎక్కువమంది వస్తారు. నియూ వాళ్లు పాపం మంచివాళ్లు, వీసా అడగరు. కానీ అక్కడికి విమానం న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో ఎక్కాలి. ఆక్లాండ్‌లో విమానం మారాలంటే మా పుస్తకానికి న్యూజిలాండ్ వారి ట్రాన్సిట్ వీసా కావాలి. వీసా అక్కర్లేని దేశానికి వెళ్లడానికి వీసా తెచ్చుకోవాలన్నమాట. అయినా మార్కు మార్కే, వద్దంటామా?

అదే దుబాయ్ చూడండి. టోలీచౌకీలో, పాతబస్తీలో ఏ గల్లీలో అడిగినా అక్కడ ఒక అన్నో తమ్ముడో బాబాయో ఉంటాడు. టికెట్‌తో పాటే వీసా కాగితం కూడా ఏజెంటు చేతిలో పెడతాడు. పెళ్లి చీరల షాపింగ్‌కి వెళ్లొచ్చేవాళ్లున్నారు. తమరి లెక్కలో మాకు దుబాయ్ సున్నా. వియత్నాం కూడా సున్నా. 25 డాలర్లు కట్టి సోఫాలో కూర్చునే తెప్పించుకున్న ఈ-వీసాతో మా బావమరిది కుటుంబమంతా హనోయ్ తిరిగొచ్చింది. టోపీ పెట్టుకుని పడవలో దిగిన ఫొటోలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. తమరి ప్రకారం వాళ్లు మూసి ఉన్న తలుపులోంచి వెళ్లొచ్చారు. తెరిచి ఉన్న నియూ తలుపు దగ్గరికి మాత్రం మా వాళ్లలో ఒక్కరూ పోలేదు.

ఇచ్చిన మార్కులైనా నిలబడతాయా అంటే అదీ లేదు. సెర్బియా 2017లో వీసా ఎత్తేసింది, 2023 నుంచి మళ్లీ పెట్టింది. ఇరాన్ 2024 ఫిబ్రవరిలో రమ్మంది, 2025 నవంబరులో వద్దంది. ఆ దేశాల మీదుగా కుర్రాళ్లను దొంగదారిన ఇంకెక్కడికో పంపిన ఏజెంట్లు బాగానే ఉన్నారు. మార్కులు కోసింది మనకు.

మా ఊళ్లో పాస్‌పోర్టుకి వెల కట్టే పద్ధతి వేరండీ. అట్ట ఎవరూ చూడరు, లోపలి పేజీలు తిరగేస్తారు. అమెరికా వీసా స్టిక్కరు ఉందా లేదా? ఉంటే మెక్సికో, జార్జియా ఇంకో వీసా అడగవు. యూఏఈ కూడా దిగాక వీసా ఇస్తుంది. పుస్తకం అదే, మనిషి అదే, ప్రభుత్వం అదే. ఒక్క స్టిక్కరుతో దారులు తెరుచుకుంటాయి. దానికి తమరి పట్టికలో గడే లేదు.

అందుకే మా ర్యాంకు పెంచే పని విదేశాంగ శాఖ ఒక్కదాని మీదే వదిలెయ్యకుండా చిలుకూరు బాలాజీకి కూడా అప్పగించాం. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. హుండీ లేదు. నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేటు వారికి మాత్రం 185 డాలర్లు కట్టాలి, వీసా ఇవ్వకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. ఇవ్వనప్పుడు చేతిలో పెట్టే కాగితం మీద 214(బి) అని ఉంటుంది. మన రాజ్యాంగంలో ఒక్క అధికరణం నంబరు చెప్పలేనివాడు కూడా అమీర్‌పేటలో ఈ సెక్షన్‌కి వ్యాఖ్యానం చెబుతాడు. దాని సారాంశం: వీసాకి వచ్చినవాడు అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని ముందే అనుకోవాలి, కాదని రుజువు చేసుకునే పూచీ వాడిదే.

ఇదండీ అసలు విషయం. ఏ ఊరి మనిషి వస్తే తిరిగి పోడని భయమో, ఆ భయాన్ని అంకెల్లోకి మార్చి దానికి తమరు పాస్‌పోర్టు బలం అని ముద్దుపేరు పెట్టారు. సింగపూర్ మనిషిని చూస్తే ఎవరికీ భయం లేదు, 2025 అక్టోబరులో 193 మార్కులు. మమ్మల్ని చూస్తే భయం.

ఆ భయం తీర్చడానికి మేం పడే పాట్లు తమరు ఒకసారి చూడాలి. పారిస్‌లో టవర్ కింద ఫొటో దిగాలన్న పాపానికి నెలల తరబడి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, జీతం చీటీలు, సెలవు ఇచ్చామని ఆఫీసు వారి ఉత్తరం, హోటల్ బుకింగులు, రానూపోనూ టికెట్లు, కనీసం 30,000 యూరోల బీమా. ఖాతాలో నిల్వ తక్కువుంటే నలుగురినీ అడిగి నింపుతాం. ఆ నెల హైదరాబాద్‌లో ఒకే అయిదు లక్షలు ఎన్ని కుటుంబాల ఖాతాల్లో కాపురం చేసి వెళ్తాయో ఆ లక్ష్మీదేవికే తెలియాలి. మనకు ఇక్కడ పాతుకుపోయిన వేర్లున్నాయని నమ్మించాలి కాబట్టి నల్లగొండలో ఉన్న రెండెకరాల పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు కూడా పెడతాం. ఫ్రెంచి అధికారి ఆ సర్వే నంబరు చదివి కరిగిపోతాడని మా మామయ్య గారి నమ్మకం. ఫొటోలో మాత్రం నవ్వకూడదు. ఆ ఫైలు మోసేసరికి ఎలాగూ నవ్వు రాదు లెండి.

ఐరోపాలో చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఈ వీసా పేరు షెంగెన్. 2024లో భారత్‌లో షెంగెన్ వీసాకి 11 లక్షలకు పైగా దరఖాస్తులు పడితే, లక్షా 65 వేలు తిరస్కరించారు. ఆ ఏడాది జూన్‌లోనే ఫీజు 80 యూరోల నుంచి 90కి పెంచారు. వద్దని చెప్పడానికి కూడా డబ్బు పుచ్చుకునే వ్యాపారం మా అబిడ్స్‌లో ఏ షావుకారికీ ఇంతవరకూ తట్టలేదు.

ఎప్పుడూ ఇలాగే లేదు కూడా. 1962లో చట్టం తెచ్చేదాకా కామన్వెల్త్ పౌరుడిగా మా తాత బ్రిటన్‌కి ఓడెక్కి వెళ్లిపోవచ్చు. మాకు వీసా తప్పనిసరి చేసింది 1986లో. అప్పట్లో తమరు లేకపోబట్టి మా తాతకు తన ర్యాంకు తెలియలేదు. ఆయన వెళ్లనూ లేదు.

ఇక్కడ కాసేపు వెటకారం పక్కన పెడతాను. ఒకే ర్యాంకున్న మా పుస్తకాల్లోనే రెండు రకాలున్నాయి. పదో తరగతి పాసవని కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ మనిషికి ఈసీఆర్ రకం ఇస్తారు. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే అతను ముందు మన ప్రభుత్వం దగ్గరే అనుమతి తీసుకోవాలి. 1983 చట్టం అది, మోసపోకుండా కాపాడటానికే పెట్టారు. అయినా మోసపోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అలాంటివాళ్లు ఎండలో ఇటుక మీద ఇటుక పేర్చిన యూఏఈ, తమరి పట్టికలో 2025 నాటికి పదేళ్లలో 42 నుంచి 8కి ఎక్కింది. 2015లో షెంగెన్ దేశాలు ఆ దేశస్థులకు వీసా ఎత్తేశాయి. ఇటుకలు మోసినవాడి పుస్తకం ఎక్కడిదక్కడే ఉంది.

మా పుస్తకం తిరిగి ఇచ్చేసేవాళ్లూ తక్కువేం లేరు. 2022లో 2 లక్షల 25 వేల మందికి పైగా భారత పౌరసత్వం వదులుకున్నారు. మన చట్టం రెండు పడవల మీద కాళ్లు పెట్టనివ్వదు మరి. మా పెద్దనాన్న కొడుకు ఎప్పుడో అమెరికా పుస్తకం తీసుకున్నాడు. 2025 అక్టోబరులో తమరు దాన్ని మొదటి పది ర్యాంకుల్లోంచి తీసేసి 12లో కూర్చోబెట్టారు కదా, న్యూజెర్సీ నుంచి ఫోన్ చేశాడు.

"బ్రెజిల్ వెళ్దామంటే వీసా అడుగుతున్నార్రా. బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా పెట్టమంటున్నారు" అన్నాడు, ఎవరో పోయినంత బాధగా.

"టెన్షన్ పడకు అన్నయ్యా, ఫైలు ఎలా సర్దాలో నేను చెబుతాను" అన్నాను. అంత తృప్తిగా నిద్రపోయి చాలా కాలమైంది.

ఒక్క విషయంలో మాత్రం తమరిని మెచ్చుకోవాలి. ఎవరి పుస్తకం ఎన్ని తలుపులు తెరుస్తుందన్న లెక్కతో పాటు, ఏ దేశం ఎంతమందికి తన తలుపు తీస్తుందన్న లెక్క కూడా తమరి ఇంట్లోనే ఉంది. దాన్ని మా పేపర్లు వేసినట్టు లేదు. వీసా అడక్కుండా మేం రానిచ్చేది నేపాల్, భూటాన్, మాల్దీవుల వాళ్లను. తమరి ఫస్టు ర్యాంకరు సింగపూర్ పౌరుడైనా సరే, శంషాబాద్‌లో దిగి బిర్యానీ తినాలంటే ముందు ఈ-వీసా ఫారం నింపి, తండ్రి పేరు, తల్లి పేరు, వాళ్లు పుట్టిన ఊళ్లు రాసి, ఫొటో పెట్టి, ఆమోదం కోసం ఎదురుచూడాల్సిందే.

ఈ సంగతి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మేనేజరు గారు "మన జాగ్రత్త మనకుండాలి కదండీ" అన్నారు. అవతలి దేశాలు కూడా అదే అంటున్నాయి కదా సార్ అని నేను టైప్ చేస్తుండగానే అడ్మిన్ గారి మెసేజ్ వచ్చింది: ఈ గ్రూపును లిఫ్టు, వాటర్ ట్యాంకర్ విషయాలకు మాత్రమే వాడవలెను.

ఇట్లు,
తిరిగి వస్తానని హామీ ఇస్తూ,
తమ విధేయుడు