సవరణ: గజేంద్రుడికి శాపమిచ్చింది దూర్వాసుడు కాదు

అహంకారం గురించి మొన్న రాసిన పోస్టులో, పూర్వజన్మలో గజేంద్రుడైన ఇంద్రద్యుమ్న మహారాజును ఏనుగువై పుట్టమని శపించింది దూర్వాసుడని రాశాను. తప్పు. శపించినవాడు అగస్త్యుడు. భాగవతం అష్టమ స్కంధంలో ఈ మాట స్పష్టంగా ఉంది. దూర్వాసుడు ఇచ్చిన పూలదండను ఇంద్రుడు ఐరావతం మీద వేయడం, అది దాన్ని కింద పడేయడం విష్ణుపురాణంలోని వేరే కథ. అక్కడ ఇంద్రుడు, ఇక్కడ ఇంద్రద్యుమ్నుడు, రెండు చోట్లా ఏనుగు. నా బుర్రలో రెండూ కలిసిపోయాయి.

పేరు ఒక్కటే అయితే ఇంత రాయను. ఆ రాజుకు భక్తి లేదని కూడా అన్నాను. అది ఇంకా పెద్ద పొరపాటు. పాండ్య రాజైన ఇంద్రద్యుమ్నుడు మలయపర్వతం మీద మౌనవ్రతంలో విష్ణువునే పూజిస్తున్నాడు. అగస్త్యుడు శిష్యులతో వస్తే లేవలేదు, పలకరించలేదు. భక్తి ఉంది, వినయమే లోపించింది. (పూజ మధ్యలో ఎవరైనా తలుపు తడితే మనం విసుక్కోమూ?)

అయినా ఆ పూజ వృథా పోలేదు. హరిని అర్చించిన ఫలంగానే ఏనుగు జన్మలోనూ ఆయన గుర్తొచ్చాడని భాగవతమే చెబుతుంది. కాకపోతే ఆ గుర్తు రావడానికి మొసలితో వెయ్యేళ్లు పోరాడి, తన బలం మీద ఆశ వదులుకోవాల్సి వచ్చింది. పోతన పద్యం 'లావొక్కింతయు లేదు' (బలం కాస్తయినా లేదు) అంటూ మొదలయ్యేది అందుకే.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చాను. మొసలి పూర్వజన్మలో హూహూ అనే గంధర్వుడని, దేవలుడి శాపం వల్ల అలా అయ్యాడని రాసింది సరైనదే, దాన్ని అలాగే ఉంచాను.