అనుమతి ఇచ్చారు సరే, ఫలితం ఎవరికి చెప్పారు?

హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారు చేసే టైప్‌బార్ టీసీవీ అనే టైఫాయిడ్ టీకా ఆఫ్రికా పిల్లల్ని ఎంతవరకు కాపాడుతుందో మొదట తేలింది మలావిలో. బ్లాంటైర్ నగరంలో 2018 ఫిబ్రవరిలో మొదలైన ఆ పరీక్షలో 9 నెలల పసివాళ్ల నుంచి 12 ఏళ్ల పిల్లల వరకు 28,130 మంది పాల్గొన్నారు. సగం మందికి టైఫాయిడ్ టీకా వేశారు. పోల్చి చూడడానికి మిగతా సగం మందికి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా వేశారు. 2021లో ఫలితం వచ్చింది. మొదటి గుంపులో 12 మందికి, రెండో గుంపులో 62 మందికి టైఫాయిడ్ సోకింది. అంటే దాదాపు 81 శాతం రక్షణ. 2023 మేలో మలావి ప్రభుత్వం ఈ టీకాను దేశమంతటా పిల్లలకు వేయించడం మొదలుపెట్టింది.

మన దగ్గర తయారైన టీకాకు వచ్చిన ఆ మంచి పేరులో బ్లాంటైర్ తల్లిదండ్రుల నమ్మకానికి పెద్ద వాటా ఉంది. అందుకే మలావిలో పరిశోధనలకు ఎవరు అనుమతి ఇస్తారు, ఇచ్చాక ఏం పట్టించుకుంటారు అన్నది మనకు సంబంధం లేని విషయం కాదు.

అక్కడ మనుషుల మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు కమిటీ ఆమోదం కావాలి. ఆరోగ్య పరిశోధనలను జాతీయ ఆరోగ్య శాస్త్రాల పరిశోధన కమిటీ చూస్తుంది. బ్లాంటైర్ వైద్య కళాశాలకు కాంరెక్ అనే కమిటీ విడిగా ఉంది. సర్వేలు, ఇంటర్వ్యూల లాంటి సామాజిక శాస్త్ర పరిశోధనలకు మరో జాతీయ కమిటీ ఉంది. ఈ వ్యవస్థను సమన్వయం చేసేది రాజధాని లిలాంగ్వేలోని నేషనల్ కమిషన్ ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీ. విదేశీ పరిశోధకులు నేరుగా వచ్చి పని మొదలుపెట్టడానికి లేదు, స్థానిక సంస్థతో అనుబంధం చూపించాలి. 2018 జనాభా లెక్కల్లో కోటీ 75 లక్షల మంది ఉన్న ఒక పేద దేశం ఇంత పద్ధతి ఏర్పాటు చేసుకోవడం గౌరవించాల్సిన విషయం.

నా అభ్యంతరం ఆ పద్ధతి మీద కాదు, అది ఆగిపోయే చోటు మీద. మలావిలోనే కాదు, మన దేశంతో సహా చాలా చోట్ల కమిటీల శక్తి అంతా అనుమతి పత్రం ఇచ్చేదాకానే ఖర్చవుతోంది. ఆమోదించిన ప్రాజెక్టుల జాబితా అంటే సాధారణంగా శీర్షిక, పరిశోధకుల పేరు, సంస్థ పేరు. ఆ పరిశోధన పూర్తయిందా, ఏం తేలింది, రక్తం ఇచ్చినవాళ్లకు, ప్రశ్నలకు జవాబులు చెప్పినవాళ్లకు ఆ సంగతి ఎప్పుడు చెప్పారు అనేవి అందులో కనిపించవు. అవి కనిపించేదాకా అనుమతి సగం పనే అని నేను అంటాను.

టైఫాయిడ్ పరీక్ష విషయానికే వద్దాం. అది మంచి పరిశోధన ఎందుకయిందంటే, ప్రశ్న ఆ ఊళ్లోనే పుట్టింది. బ్లాంటైర్‌లోని క్వీన్ ఎలిజబెత్ సెంట్రల్ హాస్పిటల్‌లో జ్వరంతో వచ్చేవాళ్ల రక్తాన్ని 1998 నుంచి క్రమం తప్పకుండా కల్చర్ పరీక్షకు, అంటే అందులో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్షకు, పంపుతున్నారు. 2010 దాకా ఏడాదికి సగటున 14 టైఫాయిడ్ కేసులు బయటపడేవి. 2013లో 843 బయటపడ్డాయి. దక్షిణాసియా వైపు నుంచి ఆఫ్రికాకు పాకిన ఒక మొండి రకం బ్యాక్టీరియా అక్కడికి చేరింది. క్లోరాంఫెనికాల్ లాంటి చౌక మందులు దాని మీద పనిచేయడం మానేశాయి. అంటే టీకా ఎందుకు కావాలో ఆ ఆసుపత్రి రికార్డులే చెప్పాయి. ఎక్కడో కూర్చుని రాసుకున్న ప్రశ్నను తెచ్చి ఆ ఊరి మీద రుద్దలేదు.

అయినా ప్రజల నమ్మకం దానంతట అదే వచ్చి కూర్చోలేదు. పరీక్ష మొదలు కావడానికి కొద్ది నెలల ముందు, 2017 చివర్లో, రక్తం పీల్చేవాళ్లు తిరుగుతున్నారన్న పుకారు దక్షిణ మలావిని కుదిపేసింది. ములాంజే, ఫలోంబే జిల్లాల నుంచి ఐక్యరాజ్యసమితి తన సిబ్బందిని వెనక్కి పిలిపించుకుంది. ప్రభుత్వం రాత్రి కర్ఫ్యూ పెట్టింది. అనుమానంతో గుంపులు దాడి చేసి పలువురిని చంపేశాయి, బ్లాంటైర్‌లో కూడా. అలాంటి చోట జ్వరం వచ్చిన పిల్లాడి చేతి నుంచి రక్తం తీస్తామని తల్లికి చెప్పి ఒప్పించాలి. ఈ పుకార్లను మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకు సరి అనిపించదు. బయటివాళ్లు వచ్చి రక్తం తీసుకుపోతారు, తర్వాత ఏమైందో ఎవరూ తిరిగొచ్చి చెప్పరు అన్న అనుభవం ఉన్నచోట అలాంటి మాటలు సులువుగా అంటుకుంటాయి. దానికి విరుగుడు పోలీసు జీపు కాదు. తిరిగి వచ్చి ఫలితం చెప్పడం.

మలేరియా టీకా కథ ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. ఆర్టీఎస్,ఎస్ అనే ఆ టీకాను మామూలు టీకా కార్యక్రమంలో భాగంగా మొదట వేసింది మలావిలోనే, 2019 ఏప్రిల్ 23న. తర్వాత ఘనా, కెన్యా చేరాయి. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పైలట్ కార్యక్రమం అంది. అంతకుముందు జరిగిన పెద్ద పరీక్షలో టీకా వేసుకున్న పిల్లల్లో మెనింజైటిస్, మెదడుకు పాకే మలేరియా కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఆడపిల్లల మరణాలు కూడా ఎక్కువగా కనిపించాయి. అవి టీకా వల్లా, యాదృచ్ఛికమా అన్నది తేల్చడం కూడా పైలట్ ఉద్దేశాల్లో ఒకటి. మరి తెలియనిదాన్ని తేల్చడానికి చేసేది పరిశోధనే కదా? కానీ టీకా వేసే ముందు తల్లిదండ్రుల దగ్గర విడిగా సమ్మతి పత్రం తీసుకోలేదు. బిడ్డను కేంద్రానికి తీసుకురావడమే సమ్మతి అనుకున్నారు. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ విషయాన్ని బయటపెట్టి నిలదీసింది. చివరికి ఆ భయాలు నిజం కాలేదు. టీకా ఇచ్చిన ప్రాంతాల్లో పిల్లల మరణాలు 13 శాతం తగ్గాయి. ఈ టీకా తయారీ పరిజ్ఞానాన్ని భారత్ బయోటెక్‌కు బదిలీ చేసే ఒప్పందం కూడా 2021లో కుదిరింది. ఫలితం మంచిది కావడం సంతోషమే. కానీ ఫలితం మంచిదైనంత మాత్రాన ముందు అడగకపోవడం ఒప్పయిపోదు.

ఈ మాట ఇంత గట్టిగా అనడానికి కారణం ఖమ్మం. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేశారు. వాళ్లలో భద్రాచలం వైపు హాస్టళ్లలో చదువుకునే గిరిజన పిల్లలు ఉన్నారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన దీన్ని క్లినికల్ ట్రయల్ అనలేదు, ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. అనుమతులు కాగితం మీద ఉన్నాయి. 2010 ఏప్రిల్‌లో దాన్ని నిలిపివేశాక పత్రాలు పరిశీలిస్తే, 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి, హెడ్మాస్టర్లవి అని తేలింది. టీకా వేసిన పిల్లల్లో కొందరు చనిపోయారు, ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ చెప్పింది. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తల్లిదండ్రుల్లో చాలామందికి తమ బిడ్డకు ఏం వేశారో గొడవ అయ్యాకే తెలిసి ఉంటుంది. పైలట్ అనండి, ప్రదర్శన అనండి, పేరు మారితే అడగాల్సిన బాధ్యత తగ్గిపోతుందన్న ఆలోచన అక్కడా ఇక్కడా ఒకటే.

ఇక సామాజిక శాస్త్ర పరిశోధనల గురించి. వీటి మీద చర్చ చాలా తక్కువ, అవసరం మాత్రం ఎక్కువ. మందుల పరీక్షలకైతే ప్రపంచమంతా రిజిస్ట్రీలు, అంటే వాటి వివరాలు అందరికీ కనిపించేలా నమోదు చేసే జాబితాలు, ఉన్నాయి. ఆఫ్రికాకు పాన్ ఆఫ్రికన్ రిజిస్ట్రీ ఉంది, మన దేశంలో 2009 నుంచి నమోదు తప్పనిసరి. ఇంటింటి సర్వేలకు అలాంటి కట్టుబాటు లేదు. కమిటీ ఆమోదించిన జాబితా తప్ప వాటి ఆచూకీ మామూలు మనిషికి దొరికే మరో చోటు దాదాపు లేదు.

మలావిలో ఈ సర్వేల సంఖ్య తక్కువేమీ కాదు. రుంఫీ, మ్చింజీ, బలాకా జిల్లాల్లో కుటుంబాలను 1998 నుంచి మళ్లీ మళ్లీ కలుస్తూ పెళ్లిళ్లు, కాన్పులు, హెచ్‌ఐవీ గురించి అడుగుతూ వచ్చిన సుదీర్ఘ అధ్యయనం ఒకటుంది. జవాబు చెప్పినందుకు సబ్బు బిళ్లలు ఇచ్చేవాళ్లు. ఎంపికైన ఇంటికి సబ్బు వస్తుంది, పక్కింటికి రాదు. ఎందుకు రాలేదని పక్కింటావిడ అడిగితే, లాటరీ తీసినట్టు ఎంపిక చేశామన్న జవాబు ఆమెకు ఏం న్యాయంగా ఉంటుంది?

మలావిలోని జోంబాలో జరిగిన ఒక అధ్యయనం నన్ను ఎక్కువగా కలవరపెట్టింది. 2008లో కౌమార బాలికలకు, వాళ్ల కుటుంబాలకు నెలనెలా కొంత డబ్బు ఇచ్చి ఏం మార్పు వస్తుందో చూశారు. 18 నెలలకు, బడిలో ఉన్న అమ్మాయిల్లో డబ్బు అందినవాళ్లలో హెచ్‌ఐవీ 1.2 శాతం, అందనివాళ్లలో 3 శాతం. 2012లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈ ఫలితం ప్రపంచమంతా మారుమోగింది. కానీ రెండేళ్ల తర్వాత డబ్బు ఆగిపోయింది. ఆ తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే హెచ్‌ఐవీలో కనిపించిన ఆ తేడా నిలవలేదు. ఈ చేదు నిజాన్ని కూడా దాచకుండా ప్రచురించిన పరిశోధకులను మెచ్చుకోవాలి. అయితే మేలు చేస్తోందని తెలిసిన సాయం గడువు అయిపోయిందని ఆగిపోతే ఆ అమ్మాయిల గతేమిటన్న ప్రశ్న అనుమతి ఇచ్చే రోజునే అడగాల్సింది. ఎవరు కొనసాగిస్తారు? ప్రభుత్వమా, నిధులిచ్చిన సంస్థా, ఎవరూ కాదా? ఎవరూ కాదన్నదే జవాబైతే ఆ సంగతి ఆ కుటుంబాలకు మొదటి రోజే స్పష్టంగా చెప్పాలి.

సామాజిక పరిశోధనలకు ఇంకో ప్రమాదం ప్రభుత్వాల నుంచే వస్తుంది. 1994 దాకా మలావిని ఏలిన హేస్టింగ్స్ బండా కాలంలో సమాజం గురించి ప్రశ్నలు అడగడమే భయంతో కూడిన పని. ఆయన దిగిపోయాక కూడా, 2011లో, జోంబాలోని చాన్సలర్ కాలేజీలో క్లాసులో చెప్పిన ఒక ఉదాహరణ గురించి పోలీసు ఉన్నతాధికారి ఒక అధ్యాపకుణ్ని పిలిపించి ప్రశ్నించారు. దాంతో అధ్యాపకులు పాఠాలు ఆపేశారు, కాలేజీ నెలల తరబడి మూతపడింది. స్వలింగ సంబంధాలు నేరంగా ఉన్న ఆ దేశంలో హెచ్‌ఐవీ సర్వేలో నిజం చెప్పిన మనిషి జైలు ప్రమాదం నెత్తిన పెట్టుకుని చెబుతున్నాడు. కాబట్టి పరిశీలన కమిటీలు ప్రభుత్వం చేతికింద కాకుండా స్వతంత్రంగా ఉండడం అక్కడ మనుషుల భద్రతకు సంబంధించిన విషయం. జాబితాలో ప్రాజెక్టు వివరాలు బహిరంగంగా ఉండాలని అడుగుతున్న నేనే, జవాబులు చెప్పినవాళ్ల గుర్తింపు మాత్రం ఏ అధికారికీ దొరక్కూడదని కూడా అంతే గట్టిగా అడుగుతాను.

చేయాల్సిన పని పెద్ద ఖర్చుతో కూడింది కాదు. ఆమోదించిన ప్రతి ప్రాజెక్టు పక్కన ఇంకొన్ని గడులు చేర్చాలి: నిధులు ఎవరివి, ఏ జిల్లాలో, ఎప్పుడు పూర్తవుతుంది, ఫలితం ఊరివాళ్లకు వాళ్ల భాషలైన చిచేవాలోనో తుంబుకలోనో ఏ తేదీన చెప్పారు. ఆఖరి గడి ఖాళీగా ఉన్న సంస్థకు కొత్త అనుమతి ఇవ్వకూడదు. రేడియో ద్వారానో, ఊరి పెద్దల సమావేశంలోనో, ఆరోగ్య కేంద్రం గోడ మీదో ఎలాగైనా చెప్పవచ్చు, ఎలా చెప్పాలో ఊరివాళ్లనే అడగవచ్చు.

2025 తర్వాత దీనికి ఇంకో షరతు కలపాల్సి వచ్చింది. ఆ ఏడాది జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఉన్నపళంగా నిలిపివేసినప్పుడు, ఆ డబ్బుతో ఆఫ్రికా దేశాల్లో నడుస్తున్న కొన్ని పరీక్షలు మధ్యలో ఆగిపోయాయి. వాటిలో చేరిన మనుషులను పర్యవేక్షించే సిబ్బందికి కూడా పని ఆపమని ఆదేశాలు వెళ్లాయి. ఆ పరీక్షలకూ ముందే అనుమతులు ఉన్నాయి, సమ్మతి పత్రాల మీద సంతకాలు ఉన్నాయి. నిధులిచ్చేవాళ్లు రేపు చెయ్యి ఎత్తేసినా, చేరినవాళ్లను క్షేమంగా బయటికి తీసుకొచ్చి కనీసం ఆరు నెలలు చూసుకోవడానికి సరిపడే మొత్తాన్ని ముందుగానే స్థానిక సంస్థ ఖాతాలో జమ చేయించాలి. ఆ రసీదు జతచేయని దరఖాస్తును లిలాంగ్వేలోని కమిటీ తిప్పి పంపాలి. హైదరాబాద్ కంపెనీ పంపిన దరఖాస్తుకైనా అదే నియమం వర్తించాలి.