జ్వరమొచ్చిన తల్లిని దోషిని చెయ్యకండి

గర్భంతో ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ వస్తే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుందని మీ వ్యాసంలో రాశారు. ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారండీ. రుబెల్లా, జికా వైరస్‌లు మాయ (ప్లాసెంటా) దాటి నేరుగా బిడ్డకే సోకుతాయి. ఫ్లూలో చాలావరకు వైరస్ బిడ్డదాకా పోదు. ఇన్ఫెక్షన్‌తో పోరాడేటప్పుడు తల్లి ఒంట్లో పుట్టే ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాల మీదే అనుమానం. 2007లో కడుపుతో ఉన్న చుంచెలుకల్లో ఆ ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకుంటే వాటి పిల్లల ప్రవర్తనలో తేడాలు రాలేదు. మనుషుల్లో ముప్పు కాస్త పెరగొచ్చంతే, జ్వరమొచ్చిన తల్లుల్లో అత్యధికులకు పిల్లలు బాగానే పుడతారు.

మా కందుకూరు వైపు పొగాకు బ్యారన్ల (ఆకు కాల్చే కొట్టాల) దగ్గర పనిచేసే ఆడవాళ్లను చూస్తుంటాను. ఆరో నెల కడుపుతో, చలిజ్వరంతో వణుకుతూ, కొంగు తలచుట్టూ బిగించి ఆకు అల్లుతుంటారు. మాత్ర వేసుకోమంటే "బిడ్డకు పడదు" అంటారు. రేపు పిల్లాడికి మాటలు ఆలస్యమైతే ఇంట్లోవాళ్లు ఆ జ్వరాన్నే ఎత్తిచూపి ఆ తల్లినే తిడతారు. నాకు కడుపు తరుక్కుపోతుంది.

డాక్టర్‌ని అడిగి పారాసెటమాల్ వేసుకోవచ్చనీ, ఫ్లూ టీకా కడుపుతో ఉండగానే వేయించుకోవచ్చనీ, రుబెల్లా టీకా మాత్రం గర్భానికి ముందే పడాలనీ దయచేసి వ్యాసంలో చేర్చండి. మా ఊరి ఆడవాళ్లకు చదివి వినిపిస్తాను.