సవరణ: సీ షార్ప్‌లో గెట్‌లాస్ట్‌ఎర్రర్ గురించి

విండోస్ ఫంక్షన్ ఫెయిలైతే కారణం కోసం సీ ప్లస్ ప్లస్‌లో లాగే సీ షార్ప్‌లోనూ గెట్‌లాస్ట్‌ఎర్రర్‌ను (చివరి ఎర్రర్ నంబరు చెప్పే విండోస్ ఫంక్షన్) డీఎల్ఎల్‌ఇంపోర్ట్‌తో (సీ షార్ప్ నుంచి విండోస్ ఫంక్షన్లను కాల్ చేయనిచ్చే గుర్తు) తెచ్చుకుని కాల్ చేయమని కిందటి పోస్టులో రాశాను. అది తప్పు. దయచేసి అలా చేయకండి.

సీ ప్లస్ ప్లస్‌లో ఫైలు తెరిచే క్రియేట్‌ఫైల్ ఫెయిలైన వెంటనే అడిగితే సరైన నంబరే వస్తుంది. డాట్‌నెట్‌లో ఆ రెండు కాల్స్ మధ్య రన్‌టైమ్ (మన ప్రోగ్రామ్‌ను నడిపే డాట్‌నెట్ భాగం) తన పని మీద తాను విండోస్‌ను కాల్ చేయొచ్చు. అప్పుడు మన నంబరు చెరిగిపోతుంది. లేని ఫైలును తెరవబోతే 2 (ఫైలు దొరకలేదు) రావాలి, మీకు 0 (ఎర్రర్ లేదు) కనబడొచ్చు. పైగా ఈ బగ్ ఒకరోజు వస్తుంది, ఇంకోరోజు రాదు. పట్టుకునేసరికి ప్రాణం పోతుంది.

డీఎల్ఎల్‌ఇంపోర్ట్‌లో సెట్‌లాస్ట్‌ఎర్రర్ అనే ఆప్షన్‌ను ట్రూ చేయండి. సీ షార్ప్‌లో మనం చెప్పకపోతే అది ఫాల్స్. ట్రూ అయితే కాల్ ముగియగానే రన్‌టైమే నంబరును దాచిపెడుతుంది. ఇంకో నేటివ్ కాల్ (డాట్‌నెట్ బయటి ఫంక్షన్‌కు కాల్) చేయకముందే డాట్‌నెట్ మార్షల్ క్లాసులోని గెట్‌లాస్ట్‌విన్32ఎర్రర్‌తో దాన్ని తీసుకోండి.

నా పాత కోడ్ వాడుకున్నవాళ్లు మన్నించి, ఈరోజే మార్చుకోండి.